అవ్వ కోసం కట్టిన చెరువు: ఒక నల్ల డ్రాగన్ ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం రాత్రి

ఇవాళ్టి నుంచి ఇదంతా రాసి పెట్టుకుందామని కూర్చున్నా. మా ఆదివారం టేబుల్‌లో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా డైస్ వేస్తూ కలిసి కథ నడిపే ఆట) మొదలై ఏడాదిన్నర దాటింది. ఐదుగురు ప్లేయర్లు, నేను డీఎమ్ (డంజన్ మాస్టర్, అంటే కథ నడుపుతూ శత్రువుల తరఫున, ఊరివాళ్ళ తరఫున ఆడేవాణ్ణి), ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌తో, మాట్లాడుకునేది మొత్తం తెలుగులోనే. ఆట పేరులోనే డ్రాగన్ ఉంది. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ ఆ ఆటని బయటికి తెచ్చినప్పటి నుంచి టేబుల్ చుట్టూ కూర్చున్న ప్రతివాడూ డ్రాగన్ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తూనే ఉంటాడు. మా వాళ్ళు కూడా ఏడాది పైన ఎదురు చూశారు, ఫిబ్రవరిలో వచ్చింది, రెండున్నర రౌండ్లలో చచ్చిపోయింది.

అది కుర్ర నల్ల డ్రాగన్. సీఆర్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 7, హెచ్‌పీ (ఎంత దెబ్బ ఓర్చుకుంటుందో) 127, ఏసీ (దానికి దెబ్బ తగలడం ఎంత కష్టమో) 18. అప్పటికి అందరూ లెవెల్ 5. ఇవాళ కూర్చుని లెక్క చూస్తే దానికి 2,900 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే పాయింట్లు, పోరాటం కష్టాన్ని తూచేది వీటితోనే), లెవెల్ 5 వాళ్ళు ఐదుగురికి మీడియం అంటే 2,500, హార్డ్ అంటే 3,750, అంటే రూల్స్ ప్రకారమే అది ఓ మోస్తరు పోరాటం. పైగా నేను దాన్ని తీసుకొచ్చి అందరి మధ్యలో దింపాను. అది కరిచింది, గోళ్ళతో గీరింది, ఒక్కసారి యాసిడ్ ఊదింది. ఈ లోపు ఐదుగురూ చుట్టూ చేరి కొట్టేశారు. రౌండుకి దానిది ఒక్క టర్ను, వాళ్ళవి ఐదు, ఇక ఎంతసేపు నిలబడుతుంది?

నన్ను బాధ పెట్టింది అది చావడం కాదు. ఆట అయిన రెండు నిమిషాలకే బిర్యానీ ఎక్కణ్ణుంచి తెప్పిద్దాం అనే మాట వచ్చింది, డ్రాగన్ గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఇదే టేబుల్ మీద, అంతకు మూడు సెషన్ల ముందు రేవులో రెండు రాగి నాణేలు ఎక్కువ గుంజిన పడవవాడి గురించి మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎందుకా అని ఆలోచిస్తే, వాడికో పేరుంది, వాడికో ఆశ ఉంది, వాడు తప్పించుకుని పోయాడు. నా డ్రాగన్‌కి ఈ మూడూ లేవు.

అందుకే ఈ ప్రాజెక్టు. ఈసారి వచ్చే డ్రాగన్‌కి మూడూ ఉండాలి. ఆగస్టు మొదట్లో అసలు పోరాటం పెట్టాలని అనుకుంటున్నా, అప్పటికి వీళ్ళు లెవెల్ 8కి వస్తారు.


జూన్ 11

రంగు మార్చాలా అని రెండు రోజులు ఊగిసలాడాను. ఎర్రది అయితే కొండ, నిప్పు, గర్వం. నీలం అయితే ఎడారి, ఇసుకలో దూరిపోవడం, పిడుగు. ఆకుపచ్చది అడవి, విషం, అబద్ధాలు. తెల్లది మంచు, దాంతో మాట్లాడేదేమీ ఉండదు, అది ఎక్కువగా వేటాడే జంతువే. చివరికి మళ్ళీ నల్లదే తీసుకున్నా. నల్లవాటికి బురద నేలలు, కూలిపోయిన రాజ్యాల శిథిలాలు ఇష్టం. బురద నేల అంటే నేను పుస్తకంలో చూసి చెప్పక్కర్లేదు, మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కొల్లేరు పక్కనే.

చిన్నప్పుడు సంక్రాంతికి వెళ్తే పొద్దున్నే గట్టు మీద నిలబడితే ఏది నేలో ఏది నీళ్ళో తెలిసేది కాదు. గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉండేది, మంచులో తాటిదోనె వస్తుంటే ముందు గెడ చప్పుడు వినపడి తర్వాత మనిషి కనపడేవాడు. "అక్కడ కాలు పెట్టకు, అది నేల కాదు" అని అమ్మమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ ఒక్క మాట మీద మొత్తం డ్రాగన్‌ని కట్టొచ్చు అనిపించింది.

కాబట్టి: పెద్ద వయసు నల్ల డ్రాగన్, ఆడది. ఈ రూల్స్‌లో 6 నుంచి 100 ఏళ్ళ దాకా కుర్రది, 101 నుంచి 800 దాకా పెద్దది, ఆ పైన పురాతనమైనది. మా దానికి 640 ఏళ్ళు పెట్టా. సీఆర్ 14, హెచ్‌పీ 195, ఏసీ 19. ఎక్స్‌పీ 11,500. లెవెల్ 8 వాళ్ళు ఐదుగురికి డెడ్లీ గీత 10,500 దగ్గర ఉంటుంది, ఇది దాన్ని దాటుతుంది. బాగుంది.

ఇక దానికేం కావాలి? బంగారం అని రాసి కొట్టేశా. ప్రతి డ్రాగన్‌కీ బంగారమే. ఒక పెద్ద పాత చెరువు, దాని అడుగున మునిగిపోయిన పట్నం. ఆ పట్నాన్ని ముంచింది ఇదే. చెరువుకో తూము ఉంది, వందల ఏళ్ళుగా మూసి ఉంది. ఊరివాళ్ళు తూము తెరిచి కింద పొలాలకి నీళ్ళు వదలాలని మా వాళ్ళని కూలికి పిలుస్తారు. డ్రాగన్‌కి కావాల్సింది ఒక్కటే, తూము మూసి ఉండాలి. అంతే. ఊరివాళ్ళది న్యాయమే, దానిదీ ఒక లెక్కే. నీళ్ళ తగాదా అంటే మా టేబుల్‌లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.


జూన్ 22

మొదటి సెషన్ అయింది. ఇవాళ డ్రాగన్‌ని చూపించలేదు, దాని చోటుని మాత్రమే చూపించా.

డ్రాగన్ కాపురముంటే చుట్టుపక్కల నేలే మారిపోతుందని రూల్స్‌లోనే ఉంది, చాలామంది డీఎమ్‌లు ఆ పేరా చదవకుండా వదిలేస్తారు, నేను కూడా ఫిబ్రవరిలో వదిలేశా. నల్ల డ్రాగన్ అయితే 6 మైళ్ళ లోపు చెట్లు మెలికలు తిరిగి దట్టంగా పెరుగుతాయి, నడకకి రెట్టింపు టైం పడుతుంది, పల్చటి మంచు ఎప్పుడూ కమ్ముకునే ఉంటుంది. ఒక మైలు లోపు నీళ్ళు పాడైపోతాయి, దాని శత్రువులు తాగితే నిమిషాల్లో కక్కేస్తారు.

ఇందులో బాగా పని చేసింది చివరిది. ఊరి బావి దగ్గర అందరూ నీళ్ళు తాగారు. ఊరివాళ్ళకి ఏమీ కాలేదు, గేదెలకి ఏమీ కాలేదు, మా రేంజర్ (విలుకాడి పాత్ర) ఒక్కడే పక్కకెళ్ళి కక్కుకున్నాడు. ఎందుకు ఆయన ఒక్కడే అని పావుగంట బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి క్లెరిక్ (దెబ్బలు మాన్పే పూజారి పాత్ర) ఆడే అక్క మెల్లగా అంది, "అంటే మనల్ని అప్పుడే శత్రువుల్లో రాసేసుకుందా అది?" ఫిబ్రవరిలో కుర్ర డ్రాగన్ మీద ఆఖరి బాణం రేంజర్‌దే. ఆ మాట నేను అనలేదు, వాళ్ళే కలుపుకున్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నా, చాలా కష్టమైంది.

సాయంత్రం దోనెలో వెళ్తుంటే గుర్రపుడెక్క ఒక చోట మెల్లగా లేచి మళ్ళీ అణిగింది, ఎద్దుల బండి అంత మేర. అంతే, ఇంకేం చెప్పలేదు.

సరిగ్గా రానిది: నడక భాగం మరీ సాగదీసినట్టు అయింది. రోగ్ (దొంగచాటు పనుల పాత్ర) ఆడే తమ్ముడు నలభై నిమిషాలు ఖాళీగా కూర్చున్నాడు, ఫోన్ చూసుకున్నాడు. సూచనలు ఇచ్చే సెషన్‌లో కూడా ప్రతి ఒక్కరికీ చేతిలో ఒక పని ఉండాలి. వచ్చేసారి తూము యంత్రం బొమ్మ గీసి వాడి చేతిలోనే పెడతా.


జూలై 2

గొంతు మీద పని. దీని మీద ఎక్కువ రాయాలి ఎందుకంటే తెలుగులో ఆడేవాళ్ళకి ఇది అసలు సమస్య.

డ్రాగన్ తెలుగులో ఎలా మాట్లాడుతుంది? మొదట పౌరాణిక నాటకం పద్ధతిలో రాశా. "ఓరీ మానవాధములారా" అని మొదలుపెట్టి సమాసాలు, దీర్ఘాలు. ఇంట్లో మా బావమరిది ముందు చదివి వినిపిస్తే వాడు రెండో వాక్యానికే మీసం మెలేస్తున్నట్టు చెయ్యి పెట్టాడు. నిజమే, ఆ భాష వినగానే స్టేజీ కనపడుతుంది, కిరీటం కనపడుతుంది, భయం కనపడదు. తర్వాత సినిమా విలన్ లాగా తక్కువ మాటలు, బొంగురు గొంతు ప్రయత్నించా. అది ఏ బందిపోటుకైనా సరిపోతుంది. 640 ఏళ్ళు బతికినది అలా ఎందుకు మాట్లాడుతుంది?

అప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. 640 ఏళ్ళ దానికి ఈ ఐదుగురూ పసిపిల్లలు. పసిపిల్లల మీద ఎవరు గట్టిగా అరుస్తారు? దగ్గర కూర్చోబెట్టుకుని తిన్నారా అని అడుగుతుంది. తిన్నారా అని అడిగినప్పుడు అందులో ఆకలి ఎవరిదో వాళ్ళకి అర్థం కావాలి. ఒక్క వాక్యం రాసి బావమరిదికి వినిపించా: "ఎండన పడి వచ్చారు, కూర్చోండి నాయనా. అక్కడ కాదు, అది నేల కాదు." వాడు నవ్వలేదు. "ఇదే పెట్టు బావా" అన్నాడు.

పేరు వెస్కారా అని పెట్టా. ఎవరూ పలకరని తెలుసు, చూద్దాం వాళ్ళేం పిలుస్తారో.


జూలై 6

మాట్లాడే సెషన్. ఇప్పటిదాకా నేను నడిపినవాటిలో ఇదే మంచిది, చేతులు ఇంకా వణుకుతున్నాయి రాస్తుంటే.

గట్టు మీదకి వచ్చారు, మంచులో ముందు తల కాదు, కొమ్ములు కనపడ్డాయి, ఎండిన మోడులు అనుకున్నారు. మోడులు కదిలాయి. అంతలో ఆ వాక్యం చెప్పా. టేబుల్ మొత్తం చప్పుడు లేదు. పాలడిన్ (ధర్మయోధుడి పాత్ర) కత్తి మీద చెయ్యి వేస్తే "వద్దులే నాయనా, దానికి తుప్పు పట్టింది చూసుకో" అంది. దాని పాసివ్ పర్సెప్షన్ (చుట్టూ జరిగేది పసిగట్టే శక్తి) 21, కాబట్టి ఎవరు ఏం చేస్తున్నా దానికి తెలుస్తుంది అనేది నంబర్లో కాకుండా మాటల్లో చూపించాలని ముందే రాసుకున్నా. వెనక్కి జారుకుంటున్న రోగ్‌తో "చిన్నోడా, ఎడమ కాలు చూసుకుని పెట్టు" అంది. తమ్ముడు కుర్చీలో నిజంగానే ఎడమ కాలు వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత ఫిబ్రవరి సంగతి.

"ఆ కుర్రదాన్ని చంపింది మీరేగా?"

విజార్డ్ (మంత్రగాడి పాత్ర) మెల్లగా, "అవునమ్మా. మీ బిడ్డా?"

"నా బిడ్డా? నా నీళ్ళలో చేపలు దొంగిలిస్తుంటే రెండుసార్లు తరిమాను. మంచి పని చేశారు. నేను మీకు బాకీ."

తల్లి పగ అని వాళ్ళు రెండు వారాలుగా లెక్కలు వేసుకుని ఉన్నారు, అది కాదని తెలిసేసరికి ఊపిరి పీల్చుకున్నారు. మరి బావి నీళ్ళు కక్కించడం ఏంటని రేంజర్ అడిగాడు. "నా వాకిట్లోకి బాణాలతో వచ్చావు కదయ్యా" అంది. ఆ తర్వాత బాకీ అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ బిగుసుకున్నారు.

బేరం ఇది. తూము మూసే ఉంచాలి. బదులుగా ఊరికి ఏటా కావాల్సినన్ని చేపలు, గట్టు మీద నడిచేవాళ్ళకి ఏ హానీ ఉండదు. ఇంకోటి, ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పాలి, తాము మర్చిపోకూడదు అనుకునే మనిషి పేరు. "మీరు చచ్చిపోతారు, ఆ పేరు కూడా పోతుంది. నేను ఉంటాను. కింద ఊళ్ళో 3,112 మంది, అందరి పేర్లూ నాకు నోటికొచ్చు." ఆ 3,112 మందిని ముంచింది ఎవరో ఎవరూ అడగలేదు, అందరికీ తెలిసిపోయింది.

నలుగురు చెప్పలేదు. క్లెరిక్ ఆడే అక్క చాలాసేపు ఆలోచించి తన పాత్ర వాళ్ళ అమ్మ పేరు చెప్పింది.

లేచి వెళ్ళేటప్పుడు దాని భయపెట్టే శక్తి వాడా. 120 అడుగుల లోపు అందరూ విజ్డమ్ సేవ్ వెయ్యాలి, డీసీ 16, అంటే డైస్ మీద పడినదానికి మనోబలం కలిపితే 16కి చేరాలి. ఫెయిల్ అయినవాళ్ళతో "నువ్వు భయపడ్డావు" అని చెప్పి వదిలేస్తే అది రూలు మాత్రమే. నేను ఒక్కో ప్రశ్న అడిగా: "దాని కంట్లో నీకేం కనపడింది?" రేంజర్ కాసేపు ఆగి, "నా ఇల్లు, నీళ్ళ కింద" అన్నాడు. నాకు రాసుకోవడానికి కాగితం దొరకలేదు, చేతి మీద రాసుకున్నా.

ఇంటికెళ్ళేటప్పుడు మెట్ల మీద వాళ్ళ మాటలు వినపడ్డాయి. "అవ్వ అట్లా అన్నదంటే..." అని ఏదో వాదించుకుంటున్నారు. అవ్వ. పేరు దొరికింది.


జూలై 13

బోర్డు పని మొదలు. 2 అడుగులు, 3 అడుగుల సైజు, ఒక అంగుళం అంటే ఆటలో 5 అడుగులు, అంటే 120 అడుగులు, 180 అడుగుల చెరువు. మధ్యలో అడ్డంగా గట్టు, రెండే గళ్ళ వెడల్పు. ఇది కావాలని. అవ్వ యాసిడ్ 60 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గీత లాగా వస్తుంది, బోర్డు మీద 12 గళ్ళు. మైదానంలో అయితే అందరూ చెదిరిపోయి నిలబడతారు, ఒకరిద్దరికి మించి తగలదు. గట్టు మీద వరసలోనే నిలబడాలి. పైగా మా పాలడిన్ చుట్టూ 10 అడుగుల లోపు ఉన్నవాళ్ళకి సేవ్స్‌లో బోనస్ వస్తుంది, కాబట్టి అందరికీ ఆయన పక్కన ఉండాలని ఉంటుంది, పక్కపక్కనే ఉంటే యాసిడ్ గీతలో పడతారు. ఇలా రెండు మంచి దారులు ఒకదానికొకటి అడ్డం పడేలా ఉంటే టర్ను టర్నుకీ ఆలోచించాల్సిందే.

గట్టు థర్మాకోల్‌తో కోసి, నల్ల స్ప్రే పెయింట్ కొట్టా. అరనిమిషంలో గట్టు కరగడం మొదలుపెట్టింది, చూస్తుండగానే గుంటలు పడి కుంగిపోయింది. స్ప్రేలో ఉండే సాల్వెంట్ థర్మాకోల్‌ని తినేస్తుంది. రెండో గట్టుకి ముందు ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు, నల్ల అక్రిలిక్ రంగు కలిపి రెండు పూతలు వేశా, ఆరాక గట్టిపడింది, దాని మీద ఇసుక, టీ పొడి అంటించా. మరిగించి ఎండబెట్టిన టీ పొడి తడి మట్టిలాగా కనపడుతుంది, ఇంతకన్నా మంచి మట్టి ఏ షాపులోనూ దొరకదు. కరిగిన గట్టు కూడా పారెయ్యలేదు, యాసిడ్ పడిన ఒడ్డు సరిగ్గా అలాగే ఉంటుంది, ఒక మూలకి అతికించా.


జూలై 16, 17

నీళ్ళు. దీని మీదే రెండు రాత్రులు పోయాయి, పోయినా బాధ లేదు.

నాకు కావాల్సింది, అవ్వ నీళ్ళలో ఉన్నప్పుడు బొమ్మ తీసేసి "అది నీళ్ళలో ఉంది" అని చెప్పకూడదు. నీడ కదలాలి. కాబట్టి కింద 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డ్ (గట్టి ఫోమ్ అట్ట), దాని మీద ముదురు ఆకుపచ్చ చార్ట్, దాని మీద నల్ల కాగితంతో కత్తిరించిన డ్రాగన్ నీడ, అన్నిటి పైన స్టేషనరీ షాపులో దొరికే మందం ట్రాన్స్‌పరెంట్ షీటు. నీడ వెనక రెండు పల్చటి ఇనుప వాషర్లు అంటించా. బోర్డు కింద నాలుగు మూలలా ఇటుకలు పెట్టి లేపా, కింద నుంచి పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం కదిపితే నీడ కదలాలి.

మొదటిసారి కదల్లేదు. అడుగున నేను 25 మిల్లీమీటర్ల థర్మాకోల్ వేశా, ఆ మందంలో లాగడం లేదు. దాన్ని తీసేసి ఒక్క సన్‌బోర్డ్ ఉంచితే నీడ కదిలింది గానీ కుదుపులతో, షీటుకి అంటుకుపోతోంది. షీటుకీ చార్ట్‌కీ మధ్య అంచుల్లో అగ్గిపుల్లలు పెట్టి కొంచెం సందు ఇచ్చా. రాత్రి 1 గంటకి లైటు ఒక్కటే ఉంచి చెయ్యి కింద పెట్టి మెల్లగా లాగితే, గట్టు కింద నుంచి ఆ నీడ బయటికి వచ్చి, రెక్కలు ముడుచుకుని, తూము వైపు జారుతూ వెళ్ళింది. నేనే చేసిందని తెలుసు, అయినా ఒళ్ళు జలదరించింది.

ఇంకో రహస్యం: ఆ ఆకుపచ్చ చార్ట్ కింద, సన్‌బోర్డ్ మీద, మునిగిన పట్నం గీశా. ఇళ్ళ కప్పులు, వీధులు, ఒక గుడి, ఒక బావి. చార్ట్ పక్క నుంచి లాగితే వచ్చేలా ఉంచా. అది ఎప్పుడు లాగుతానో, అసలు లాగే అవసరం వస్తుందో లేదో వాళ్ళ చేతుల్లో ఉంది.

పైన పెట్టే బొమ్మకి అల్యూమినియం తీగ, న్యూస్‌పేపర్ గుజ్జు, మెడ కీళ్ళకి ఎంసీల్. రెక్కలకి కొబ్బరి ఈనెలు, నల్ల క్యారీబ్యాగ్. 3 అంగుళాల అడుగు, ఎందుకంటే హ్యూజ్ సైజు అంటే 15 అడుగులు.


జూలై 27

ఒక్కడినే కూర్చుని రెండుసార్లు ఆడి చూశా, ఐదుగురి షీట్లూ ముందు పెట్టుకుని.

అవ్వ ఊపిరి 8 ముఖాల డైస్ 12, సగటున 54. మా విజార్డ్ ఫుల్ హెచ్‌పీ 50. సేవ్ పోతే ఆయన పడిపోతాడు. అది సరైనదేనా అని చాలాసేపు చూశా. 12 డైస్ మీదా 8 పడినా 96, ఫుల్ హెచ్‌పీతో ఉన్నవాడు ఒక్క దెబ్బకి అక్కడికక్కడే చావాలంటే దానికి రెట్టింపు, 100 పడాలి. అంటే పడిపోతాడు గానీ చావడు, లేపడానికి క్లెరిక్ ఉంది. భయం ఉంటుంది, అన్యాయం ఉండదు, ఉంచేశా.

టర్నుల సంగతి. అవ్వకి తన టర్ను కాక లెజెండరీ యాక్షన్లు మూడు, వేరేవాళ్ళ టర్ను అయిన వెంటనే ఒక్కొక్కటి, పైగా ఇనిషియేటివ్ (టర్నుల వరస) 20 దగ్గర తన గుహ, అంటే ఇక్కడ ఆ చెరువు, చేసే పని ఒకటి. ఫిబ్రవరి డ్రాగన్‌కి ఇవేమీ లేవు, కుర్రవాటికి ఉండవు. రెక్కలతో కొట్టే యాక్షన్‌కి రెండు ఖర్చు, కానీ కొట్టాక సగం వేగంతో ఎగిరిపోవచ్చు, అంటే చుట్టూ చేరగానే అది అక్కడ ఉండదు. ఆడేటప్పుడు పుస్తకం తిరగేయకుండా చిన్న అట్ట ముక్క మీద రాసుకున్నా: నీళ్ళలో ఉండు. వరస కోసం ఆగు. చుట్టుముడితే రెక్కలు. హెచ్‌పీ 50 లోపు పడితే వెళ్ళిపో. ఆఖరిది నాలుగోసారి గట్టిగా దిద్దా. 640 ఏళ్ళు బతికింది అంటే వెళ్ళిపోవడం తెలిసినదే.

పూర్తిగా నీళ్ళలో మునిగి ఉంటే నిప్పు దెబ్బ సగమే తగులుతుంది. విజార్డ్ ఫైర్‌బాల్ మీదే బతుకుతాడు, కాబట్టి ఈ సంగతి ముందే తెలియాలి, ఊళ్ళో ముసలి జాలరి చేత చెప్పిస్తా. పోరాటంలో తెలిస్తే మోసపోయినట్టు ఉంటుంది, ముందే తెలిస్తే ప్లాన్ వేసుకుంటారు.

లెజెండరీ రెసిస్టెన్స్ (ఫెయిల్ అయిన సేవ్‌ని గెలుపుగా మార్చుకునే శక్తి) రోజుకి మూడు. స్పెల్ పడినా పడలేదు అని డీఎమ్ అనేస్తే ప్లేయర్ మొహం వాడిపోతుంది. అందుకే మూడు నల్ల గాజు పూసలు కొన్నా, అందరికీ కనపడేలా టేబుల్ మీద పెడతా. వాడిన ప్రతిసారీ ఒక పూస తీసి వాళ్ళ చేతికే ఇస్తా.


ఆగస్టు 3, అర్ధరాత్రి దాటాక

అయింది. 5 రౌండ్లు, 3 గంటల 10 నిమిషాలు.

వాళ్ళు బేరం ఒప్పుకోలేదు. ఊరి పిల్లలు ఎండిన పొలాల్లో నిలబడి ఉండడం చూశాక ఒప్పుకోరని తెలుసు. అవ్వ కోప్పడలేదు. "సరే నాయనా, తిని వచ్చారా?" అని అడిగి మునిగింది. బొమ్మ తీసేశా, చెయ్యి కింద పెట్టా, నీడ కదిలింది. ఐదుగురూ ఒక్కసారి ముందుకి వంగారు. తమ్ముడు కుర్చీ మీద మోకాళ్ళు పెట్టి లేచి చూస్తున్నాడు.

తూము చక్రం తిప్పడం రోగ్ పని, మూడుసార్లు గెలవాలి. మొదటి రౌండులో నీళ్ళు లేచి గట్టు మీదకి కొట్టాయి, స్ట్రెంగ్త్ సేవ్ డీసీ 15, పాలడిన్ నిలబడ్డాడు, విజార్డ్ 20 అడుగులు లోపలికి కొట్టుకుపోయాడు. నీడ ఆయన కింద నుంచి వెళ్ళింది. వెళ్ళింది, అంతే, ఏమీ చెయ్యలేదు. ఆయన మొహం చూడాల్సింది.

రెండో రౌండులో విజార్డ్, క్లెరిక్, రేంజర్ ముగ్గురూ గట్టు మీద ఒకే వరసలోకి వచ్చారు. అవ్వ తల పైకి లేచింది. 12 డైస్ గిన్నెలో వేసి మధ్యలో పోశా, అందరూ కలిసి లెక్కపెట్టారు, 57. విజార్డ్ పడ్డాడు, క్లెరిక్ లేపింది. లేచి ఆయన వేసింది బానిష్‌మెంట్ (శత్రువుని వేరే లోకానికి పంపేసే మంత్రం). నాకు 4 పడింది, ఫెయిల్. పూస తీసి ఆయన చేతిలో పెట్టా, ఒక పొలుసు మసై రాలింది అని చెప్పా. ఆయన పూస చూసుకుని "ఇంకా రెండు" అన్నాడు, కసిగా, సంతోషంగా. పూసలకి పెట్టిన డబ్బు అక్కడే వచ్చేసింది.

నాలుగో రౌండు. రోగ్‌కి రెండు గెలుపులు అయ్యాయి, ఇంకోటి కావాలి. అవ్వ నీళ్ళలోంచి లేచి క్లెరిక్‌ని పట్టుకుంది. మామూలు గ్రాపుల్ రూలే, మనిషి దానికన్నా రెండు సైజులు చిన్న కాబట్టి పూర్తి వేగంతో ఎత్తుకుపోవచ్చు. 60 అడుగుల పైకి. అక్కడ ఆగి, ఆ రోజు అక్క చెప్పిన అమ్మ పేరు మెల్లగా పలికింది. "ఆవిడ పేరు నా దగ్గర ఉంది. నువ్వు పోతే ఇంకెవరి దగ్గరా ఉండదు. చిన్నోణ్ణి చక్రం వదిలెయ్యమను."

టర్ను రోగ్‌ది. తమ్ముడు డైస్ చేతిలో పట్టుకుని అక్క వైపు తిరిగాడు. "అక్కా, ఏం చెయ్యమంటావ్?"

ఎంతసేపో తెలీదు. ఫ్యాన్ చప్పుడు ఒక్కటే. ఎవరూ సలహా చెప్పలేదు, మామూలుగా మా టేబుల్‌లో ఐదుగురూ ఒకేసారి చెప్తారు.

"తిప్పురా."

17 పడింది. తూము తెరుచుకుంది. అవ్వ వదిలేసింది, 60 అడుగులకి 6 డైస్, 23 దెబ్బ, అక్కకి 31 ఉంటే 8 మిగిలింది. అప్పుడు చార్ట్ చివర పట్టుకుని లాగా. ఆకుపచ్చ నీళ్ళు బోర్డు మీద నుంచి జరిగిపోయి కింద ఇళ్ళ కప్పులు, వీధులు, గుడి, బావి బయటపడ్డాయి. పాలడిన్ ఆడే ఆయన, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఊరుకున్నాడు.

నీళ్ళు లేకపోతే దాక్కోవడం లేదు, నిప్పు సగం కాదు. ఐదో రౌండులో ఫైర్‌బాల్ పూర్తిగా తగిలింది, రేంజర్ బాణం ఎడమ రెక్కలో దిగింది. 38 మిగిలాయి. అట్ట ముక్క మీద ఆఖరి లైను. రెక్కలు కొట్టి లేచింది. పాలడిన్ అడుగు దూరంలో ఉన్నాడు, రియాక్షన్ (తప్పుకుపోయేవాళ్ళని ఒక దెబ్బ కొట్టే అవకాశం) ఉంది, వాడుకోలేదు, ఎందుకని నేను అడగలేదు. "నీళ్ళు నావి కావన్నారు, సరే. పేర్లు నావే" అని మంచులోకి వెళ్ళిపోయింది.

కుదరనివి కూడా రాయాలి. రేంజర్ భయంతో మూడు టర్నులు ముందుకి రాలేకపోయాడు, కంట్లో ఏం కనపడింది అని రెండోసారి అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు, ఇబ్బంది పడ్డాడు. భయపడ్డవాళ్ళకి చెయ్యగలిగిన పని ఒకటి బోర్డు మీదే ముందుగా పెట్టాల్సింది, గట్టు తెగిన చోట మట్టి పూడ్చడం లాంటిది. పురుగుల మబ్బు అని ఒక గుహ యాక్షన్ ఉంది, ఒక్కసారి వాడితే ఆట నెమ్మదించింది, తర్వాత వదిలేశా. నీడ మూడో రౌండులో ఒక మూల ఇరుక్కుంది, షీటు తట్టాల్సి వచ్చింది.


ఆగస్టు 10

ఇవాళ ఆట లేదు, ఇద్దరు ఊళ్ళో లేరు. పొద్దున తమ్ముడు ఫోన్ చేసి పది నిమిషాలు వేరే ఏదో మాట్లాడి చివర్లో అడిగాడు, "అన్నా, అవ్వ ఎక్కడికి పోయింది?" చెప్పనన్నా. "కింద ఊళ్ళో ఆ బావి ఎందుకు గీసినవ్?" అన్నాడు. అదీ చెప్పనన్నా. నిజానికి బావి ఊరికే గీశా, ఇప్పుడు దానికో కారణం వెతకాలి.

సాయంత్రం బోర్డు విప్పా. ఇరుక్కున్న మూల అగ్గిపుల్ల వంకర పోయి ఉంది, మార్చా. నీడ అంచులు షీటుకి రాసుకుని చిరిగాయి, కొత్తది కత్తిరించా, ఈసారి మందం కాగితంతో. రెక్కలు ముందులాగే, మెడ కొంచెం పొడుగు. ఎడమ రెక్కలో బాణం దిగిన చోట కత్తెర మొనతో చిన్న చిల్లు పెట్టా.